నాలుగు వేళ్ళ విలుకాడు

సదయ్య ఆక్సా బ్లేడు ముక్కతో గాంధారి కళ్ళ మీది రంగు గీకుతున్నాడు. ఆయన కుడిచేతికి బొటనవేలు లేదు. బ్లేడును చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి, వెనక నుంచి అరచేత్తో నెట్టుకుంటూ గీకాలి. ఎవరూ నేర్పిన పట్టు కాదు. అవసరం కొద్దీ చెయ్యి తనంతట తాను నేర్చుకున్నది. సిల్వర్ పెయింటు పెళ్ళలు పెళ్ళలుగా లేస్తోంది. పెద్దాఫీసరు ఎవరు వస్తున్నా సరే, సివిల్ సెక్షన్ వాళ్ళు పార్కు గేటుకూ బెంచీలకూ ఉయ్యాల గొలుసులకూ బొమ్మలకూ ఒకే డబ్బాలోంచి ఒకే రంగు కొట్టి పోతారు. ఏళ్ళ తరబడి అలా కొట్టీ కొట్టీ గాంధారి కళ్ళగంతల మడతలు పూడుకుపోయాయి. కొత్తగా చూసేవాళ్ళకు, బొమ్మ చేసినవాడు కళ్ళు పెట్టడం మరిచిపోయాడనిపిస్తుంది.

వెనక బెంచీ మీద గులాం అలీ రేకు పలకలకు నల్లరంగు పూసి ఆరబెడుతున్నాడు. గోదావరిఖని చౌరస్తాలో సగం దుకాణాల బోర్డులు అతని చేతి రాతే.

"సదన్నా, ఎంతసేపు గీకుతవ్? పేరు చెప్తే రాసుకోని పోత."

"చూసి చెప్పు. కండ్లున్నయి గద."

"నాకున్నయి. ఆమెకు లేవు."

"గదే పేరు."

గులాం అలీ కుంచె పక్కన పెట్టి లేచి వచ్చాడు. గీకిన చోట గుడ్డ మడతలు, చెవి వెనక ముడి బయటపడ్డాయి. కాసేపు చూసి, "ఆ, గాంధారి! మొగనికి కండ్లు లేవని కట్టుకున్నది. టీవీల చూసిన," అన్నాడు.

సదయ్య చేతిలో బ్లేడు కొంచెం నెమ్మదించింది.

అది 2008 ఎండాకాలం మొదలు. కార్మికుల కాలనీ నడిమధ్యలో ఉన్న ఆ పార్కులో బొమ్మలన్నీ సదయ్య చేసినవే. చేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఒక్కదానికీ పేరు లేదు. పేరు రాయాల్సి వచ్చిందంటే బొమ్మ కుదరలేదనే ఆయన లెక్క. ఇప్పుడు బొగ్గు కంపెనీ, పిల్లలకు తెలియాలని ప్రతి బొమ్మ కిందా రేకు మీద పేరు రాయించమంది. ఆ పని చూసేది సివిల్ సెక్షన్ సూపర్‌వైజరు రఘుపతి. పేర్లు చెప్పవలసింది సదయ్య.

సదయ్య పుట్టింది గోదావరి ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో. వయసు రాగానే వల వదిలి బొగ్గుబాయి పనికి వచ్చాడు. భూమి లోపల బొగ్గు టబ్బులను ఒకదానికొకటి తగిలించే పని. ఒకనాడు కొక్కెం వేస్తుండగా వెనక టబ్బు కదిలింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బొటనవేలు రాలేదు. దవాఖానలో గాయం మానినాక బాయి లోపలికి పనికిరాడని పైన పార్కులో మాలీగా వేశారు.

చెట్లకు నీళ్ళు పెట్టడంతో పొద్దు గడవక బొమ్మల మీద పడ్డాడు. ఆ రోజుల్లో ఊళ్ళో ఒక గుడికి గోపురం కడుతుంటే, డ్యూటీ దిగి అక్కడికి పోయి నిలబడేవాడు. పరంజా ఎక్కబోతే శిల్పులు దింపేశారు. ఇది మీ చేతి పని కాదు పొమ్మన్నారు. పోలేదు. కిందనే నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా చూసి, ఇంటికొచ్చి మట్టితో చేసి, పడగొట్టి, మళ్ళీ చేశాడు. మట్టి కుదిరాక సిమెంటు పట్టుకున్నాడు. లోపలి ఎముకలకు, టబ్బులను లాగే హాలేజీ ఇంజను దగ్గర అరిగి పారేసిన ఇనుప తాడు విప్పి, తీగలు వాడుకున్నాడు. బొగ్గు తీసిన బాయిలు నింపడానికి తెచ్చే ఇసుకను జల్లెడ పట్టుకున్నాడు. కథలంటారా, చిన్నప్పుడు ఊళ్ళో తెల్లవార్లూ చూసిన భాగోతాలున్నాయి.

రఘుపతి మోటారుసైకిలు గేటు దగ్గర ఆపి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. రామకృష్ణాపూర్‌లో బాయి పనిచేసినవాడి కొడుకు. పనివాళ్ళ మీద నోరు చేసుకోడని పేరుంది.

"కాక, ఎంతవరకొచ్చింది?"

"నడువు సార్, చూద్దువు గని."

ముగ్గురూ బొమ్మ బొమ్మ దగ్గరా ఆగుతూ నడిచారు. భుజాన కావడి మోస్తున్న యువకుడి దగ్గర గులాం అలీ, "ఈయన తెలుసు. కల్లు కావడి," అన్నాడు.

"తట్టలల్ల తొంగి చూడు."

తట్టల్లో కాళ్ళు ముడుచుకుని కూచున్న ముసలివాళ్ళ మోకాళ్ళు మాత్రం మిగిలి ఉన్నాయి. పైభాగాలు పిల్లలు ఎక్కి తొక్కి విరగ్గొట్టారు. "శ్రవణకుమారుడు," అన్నాడు రఘుపతి. గులాం అలీ చెంపలు వేసుకున్నాడు.

ఆ తరవాతిది రొమ్ముకు కత్తి ఆనించుకున్న మనిషి. రొమ్ము నున్నగా, బొద్దుగా ఉంది. కాలనీ పిల్లలు దాన్ని కత్తి పొడుసుకునేటోడు అంటారు.

"కర్ణుడు," అన్నాడు సదయ్య. ఇక్కడ మాత్రం ఆయనే చెప్పాడు. "కవచం కోసి ఇస్తుండు. తోలు లేసినట్టు రొమ్మంత గరుకు తెచ్చిన. నేను లగ్గానికి పోయిన నాడు మేస్త్రీలొచ్చి, ప్లాస్టరు ఊడిందనుకోని, గిట్ల నున్నగ మెత్తి పోయిండ్రు. ఉలితోని తియ్యబోతే కిందిది గూడ దానెంటనే వస్తున్నది. ఇడిసిపెట్టిన."

రఘుపతి ఆ రొమ్ము మీద చెయ్యి వేసి చూశాడు. "పని తెలిసినోడు చెయ్యాల్సింది," అన్నాడు.

మూలన ఒక ఆడమనిషి బొమ్మ. ముఖం చప్పిడిగా, చేతులు బిగుసుకుని ఉన్నాయి. ఎవరని అడిగితే సదయ్య తల గోక్కున్నాడు. "గిది మొట్టమొదలు చేసింది. అప్పటికి చేసుడు రాలె. కుంతి అనుకోని మొదలు పెట్టినట్టు యాది. ఎవరిలెక్క గాలె."

"మరి ఏం రాయాలె అన్న?"

"ఏం రాయకు."

ఆమె పక్కనే విలుకాడు. మనిషెత్తు బొమ్మ. ఎడమ చేతిలో విల్లు నేలకు ఆనించి ఉంది. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. అరచెయ్యి పైకి ఉంది. ఎవరికో ఏదో ఇచ్చేసిన తరవాత ఇంకా వెనక్కి తీసుకోని చెయ్యి. నుదుట ఎండిన కుంకుమ. సదయ్య ఈ బొమ్మ దగ్గర కొంచెం దూరంగా నిలబడ్డాడు. పేరు అడుగుతారేమోనని చూస్తున్నాడు.

రఘుపతి అడగలేదు. వంగి ఆ చెయ్యి చూశాడు. బొటనవేలు ఉండాల్సిన చోట వేలితో తడిమాడు.

"ఇది ఏకలవ్యుడు గద కాక?"

"ఎట్ల తెలిసింది సార్?"

"ఇరిగిన వేలయితే లోపలి తీగ బయటికి కనవడతది. ఇది ఇరగలే. కోసినట్టు చేసి, అంచు గుండ్రంగ తీసిండ్రు."

ఇరవై ఏళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి అతను. చూసినవాళ్ళంతా, పాపం ఎవరో వేలు విరగ్గొట్టారే, అనేవాళ్ళు. సదయ్య తన చెయ్యి తెచ్చి బొమ్మ చేతి పక్కన పెట్టాడు. గీతలతో సహా ఒకే చెయ్యి. ఒండ్రుమట్టిలో తన కుడిచేతిని దిగేసి, ఆ అచ్చులో సిమెంటు పోసి తీసిన చెయ్యి అది. రఘుపతి రెండు చేతుల వంకా మార్చి మార్చి చూసి, "చాయ్ తాగుదాం పా కాక," అన్నాడు.

చాయ్ దగ్గర సదయ్య ఒక్కటే అడిగాడు. "సార్, నేను ఇంకో రెండేండ్లల్ల దిగిపోత. మిగిలినయి ఎట్ల రాసినా సరే. ఈ ఒక్కదానికి పేరు మంచిగ పడాలె. చెయ్యి గట్లనే ఉండాలె. నా తర్వాత ఎవడన్న వచ్చి, ఇరిగింది అనుకోని అతికియ్యద్దు."

"పేరు రాస్తే ఎవడు అతికిస్తడు? గులాం భాయ్, మొదలు గదే రాయి."

గులాం అలీ ఆ సాయంత్రమే రాశాడు. నల్లరేకు మీద తెల్లగా, "ఏకలవ్యుడు". లకారం తోక దగ్గర కుంచె ఆపి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. పని తెలిసినవాడి రాత అది. సదయ్య ఇంటికి పోయి భార్య సమ్మవ్వకు చెప్పాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన అంత మాట్లాడడం చూడలేదని ఆమె నవ్వింది.

రేకు ఇంకా బిగించకముందే ఎల్లేశం వచ్చాడు. బాయిలో పనివాళ్ళ మీద ఓవర్‌మన్. కాలనీ ఉత్సవ కమిటీకి పెద్ద. వెంట నలుగురు ఉన్నారు.

"రఘుపతి సార్, ఈసారి నవమి కల్యాణం పార్కుల చేస్తున్నం. గుడికాడ జాగ సాలుతలేదు. ఈడయితే రాముడు నిలబడనే ఉన్నడు."

"ఏడ?"

"గదిగో. విల్లు కనవడతలేదా?"

"అది రాముడు కాదన్న. ఏకలవ్యుడు."

"ఎవలన్నరు?"

"చేసినాయన ఈడనే ఉన్నడు."

ఎల్లేశం సదయ్య వైపు తిరిగాడు. "సదన్నా, నువ్వు ఏకలవ్యున్నే చేసినవ్ కావచ్చు, నేను కాదంటలేను. ఆడోళ్ళు ఎన్నేండ్ల సంది రాముడనే బొట్టు పెడుతుండ్రు. ఇప్పుడు కాళ్ళకాడ రేకు కొట్టి, కాదు పొమ్మంటవా?"

"పెట్టనియ్యి. ఏకలవ్యునికి పెడితే బొట్టు అంటదా?"

"అంటది. మరి కల్యాణం ఎవలతోని చెయ్యాలె? ఏకలవ్యుని పెండ్లాం పేరు చెప్పు, నేనే తలంబ్రాలు పోస్త."

వెంట ఉన్నవాళ్ళు నవ్వారు. ఎల్లేశం కూడా నవ్వి, మూలనున్న ఆడబొమ్మను చూపించాడు. "ఈయనకయితే పక్కకే సీతమ్మ గూడ ఉన్నది."

"అది సీత గాదు."

"ఎవలు మరి?"

సదయ్య మళ్ళీ తల గోక్కున్నాడు.

"ఇంకో మాట సార్," అన్నాడు ఎల్లేశం, ఈసారి నవ్వకుండా. "గుడి అయ్యగారు వచ్చి చూసిపోయిండు. ఇరిగి భిన్నమైన విగ్రహం ముందల పీటలెయ్యద్దన్నడు. వేలు పెట్టియ్యాలె."

"వేలు పెడితే అది నేను చేసిన బొమ్మ గాదు," అన్నాడు సదయ్య. గొంతు పెరిగింది. "వేలు లేకపోవుడే ఆ బొమ్మ."

"అన్నా, నీకు వేలు లేదని దేవునికి గూడ ఉండద్దంటే ఎట్ల?"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అన్నవాడే ఒక్క క్షణం నేల చూపు చూశాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. రఘుపతి మధ్యలోకి వచ్చి, పైన అడిగి చెప్తానన్నాడు.

మర్నాడు వచ్చినప్పుడు మోటారుసైకిలు దిగకుండానే మాట్లాడాడు.

"పెద్దసారు కమిటీ చెప్పినట్టు చెయ్యుమన్నడు కాక. కాలనీల లొల్లి వద్దన్నడు."

"ఏకలవ్యుడని నువ్వే అంటివి గద సార్."

"అన్న. ఇప్పుడూ అంట. నేనంటే ఏమయితది?" హాండిల్ మీది దుమ్ము తుడిచాడు. "మేస్త్రీలు రేపొస్తరు. ఆళ్ళే పెడతరు. నువ్వు పక్కకుండు, నీకెందుకు బాధ?"

"కర్ణుని మెత్తిన మేస్త్రీలేనా?"

రఘుపతి బండి స్టార్టు చేశాడు. అవునని అర్థమైంది.

మధ్యాహ్నం బువ్వ ముందు కూచున్నప్పుడు సదయ్య, వేలు తానే పెడతానన్నాడు. సమ్మవ్వ చేతిలో గంటె ఆగిపోయింది.

"ఏంది, మల్ల చెప్పు."

"నేను పెట్టకపోతే ఆళ్ళు పెడతరు. ఉలితోని చెయ్యంత పలగ్గొట్టి, ముల్లంగి గడ్డసొంటిది అతికిచ్చి పోతరు. రోజు డ్యూటీకి పోయి అది చూడాల్నా?"

"అతికిచ్చుకోని. చెడగొడితే ఆళ్ళు చెడగొట్టినట్టయితది. నువ్వు చేస్తే నీ చేతులనే పాయె."

"మంచిగ చేస్త."

"మంచిగ చేస్తే నువ్వు చూడవా రోజు?"

ఆయన ముద్ద కలుపుతూ ఉండిపోయాడు.

"ఆ చెయ్యి మన్నుల పెట్టిన్నాడు తట్ట పట్టుకున్నది నేను," అంది సమ్మవ్వ. "అప్పటికి గాయం మానినా సలుపు పోలె. మన్ను సల్లగుంది, మంచిగున్నది అన్నవ్. రాముడంటే నాకు భక్తి లేక గాదు. నవమి నాడు నేను గూడ పోత, దండం పెడత. గాని ఆ చెయ్యికి పెట్టను. గది నా మొగని చెయ్యి." కూర గిన్నె ఆయన ముందుకు తోసి లోపలికి పోయింది.

మేస్త్రీలు వచ్చేసరికే సదయ్య పని మొదలుపెట్టి ఉన్నాడు. వాళ్ళు కాసేపు చూసి బీడీలు కాల్చుకుని వెళ్ళిపోయారు.

బొమ్మకు వేలు పెట్టడమంటే అంటించడం కాదు. అంటించిన వేలు ఒక్క వానకు ఊడుతుంది. ముందు పాత అంచును సన్నఉలితో గరుకు చేయాలి. గుండ్రంగా, నున్నగా తీర్చిన ఆ అంచును ఆయనే గీట్లు గీట్లుగా పొడిచాడు. స్టోరు నుంచి తెచ్చిన డ్రిల్లుతో మణికట్టు వైపు ఏటవాలుగా రంధ్రం వేశాడు. ధూళి నోటితో ఊది, నీళ్ళతో కడిగి, సిమెంటు పాలు పోసి, తాడు తీగ దిగేశాడు. తీగను వేలి వంపుకు వంచాడు. ఇక్కడిదాకా చెయ్యి ఆగలేదు.

ఆగింది కొలత దగ్గర. బొమ్మ చెయ్యి అచ్చు తీసింది, వేలు మాత్రం ఊహించి చేస్తే అతుకు కనబడుతుంది. తన ఎడమచేతి వేలికి అచ్చు తీస్తే గోరు వంపు తిరగబడుతుంది. కుడి బొటనవేలే కావాలి, మగమనిషిది. అప్పుడే రఘుపతి వచ్చి, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"సార్, కుడిచెయ్యి ఇటియ్యి."

"ఎందుకు?"

"బొటనవేలు కొలవాలె."

రఘుపతి జేబులోంచి చెయ్యి తీయడానికి కొంతసేపు పట్టింది. సదయ్య ఆ చేతిని తన ఎడమచేత్తో పట్టుకుని, నూలుదారంతో మొదలు నుంచి కణుపుకూ, కణుపు నుంచి కొసకూ కొలిచాడు. చుట్టుకొలత తీశాడు. గోరు వెడల్పు పుల్లతో చూశాడు. కణుపు మీది ముడతలు గుర్తు పెట్టుకోవడానికి వేలును వంచి, చాచి, మళ్ళీ వంచాడు. రఘుపతి చాచిన చెయ్యి అట్లాగే ఉంచి, చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అయిందా కాక?"

"అయింది. తీసుకో నీ చెయ్యి."

తీగ చుట్టూ సిమెంటు పలచగా ఒక పొర, అది గట్టిపడ్డాక ఇంకో పొర. కణుపు దగ్గర కాస్త ఉబ్బు, గోరు మొదట్లో సన్నటి గాడి. ముడతలు చీపురుపుల్లతో తీర్చాడు. తడి గోనెగుడ్డ చుట్టి, పగుళ్ళు రాకుండా రోజూ పొద్దునా మాపూ నీళ్ళు పట్టాడు. చెట్లకు పట్టే పైపుతో కాదు, చెంబుతో, సన్నగా.

ఆ రోజుల్లోనే గులాం అలీ రేకు మీది పాత పేరును కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. తెల్లరంగు ఓ పట్టాన పోలేదు. "నాకేంది అన్న, కొత్త పేరుకు అక్షరాలు తక్కువ. రంగు మిగుల్తది," అన్నాడు. సదయ్య వైపు చూసి, మళ్ళీ తుడవసాగాడు. ఆడబొమ్మకు కూడా రేకు తయారైంది. ఆయన జీవితంలో చేసిన అన్నిటికంటే పనికిమాలిన బొమ్మకు సీతాదేవి అని పేరు పడింది. ఎవరూ దాని ముఖం వంక రెండోసారి చూడలేదు.

పందిరి వేసే నాడు పొద్దున్నే సదయ్య గోనెగుడ్డ విప్పాడు. నీళ్ళరాయితో అతుకు మీద చివరిసారి రుద్దాడు. అన్నిటిలాగే దీనికీ సిల్వర్ పెయింటు పడింది. కొట్టింది కూడా ఆయనే. రంగు ముడతల్లో నిండకుండా కుంచెను దాదాపు పొడిగా ఆడించాడు.

ఎల్లేశం, కమిటీవాళ్ళు, రఘుపతి వచ్చారు. ఎల్లేశం చెయ్యి చుట్టూ తిరిగి అతుకు కోసం వెతికాడు. దొరకలేదు.

"అబ్బ! పుట్టంగనే ఉన్నట్టుంది గదనే! సదన్నా, కల్యాణంల నీకు కండువ కప్పుతం."

"నాకొద్దు. డ్యూటీల చేసిన."

"గట్లంటవేందన్న? దేవుని పని."

"పని అయింది. గట్టిగున్నదో లేదో చూసుకోండ్రి."

రఘుపతి ముందుకు వచ్చి వేలు పట్టుకుని నొక్కి చూశాడు. కదలలేదు. "గట్టిగున్నది కాక," అన్నాడు.

అప్పటికే ఒకామె పసుపు నీళ్ళ చెంబు తెచ్చి బొమ్మ పాదాలు కడుగుతోంది. ఆ చాచిన అరచేతిలో ఇంకెవరో చామంతిపూలు పెట్టారు. కొత్త వేలు వాటిని జారిపోకుండా ఆపింది.

సదయ్య ఉలి, తాపీ కడిగి తుడిచాడు. మిగిలిన సిమెంటు మూట కట్టాడు. డ్రిల్లుకు వైరు చుట్టి రెండూ రఘుపతి చేతికి అందించాడు.

"ఇగో సార్, స్టోరుల అప్పజెప్పు."